దానియేలు అడిగిన పది దినములు

చదువవలసిన భాగము: దానియేలు గ్రంథము 1వ అధ్యాయము

మన గ్రామ సంఘములనుండి ఏటేట కొందరు బిడ్డలు విశ్వవిద్యాలయములకు పోవుచున్నారు. వారి పెట్టెలో బట్టలు, పచ్చడి సీసా, ఫీజు డబ్బు మరువక సర్దుదుము. క్రొత్తవారి మధ్య ఎట్లు మెలగవలెనో, దేనిని విడువకూడదో చెప్పుటకు మాత్రము మనకు తీరిక దొరకదు. నేటి పాఠము దానిగూర్చియే.

ఎదుటివారి మనస్సెరిగి వివేకముగా మెలగు శక్తిని థార్న్‌డైక్ అను అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1920లో సాంఘిక ప్రజ్ఞ అను పేరుతో వివరించెను. భావములను గ్రహించు తెలివి వేరు, యంత్రములను నడపు తెలివి వేరు, మనుష్యులతో మెలగు తెలివి వేరు అని ఆయన విడదీసెను. కాబట్టి మంచి మార్కులు వచ్చిన బిడ్డకు ఈ మూడవది దానంతట అదే వచ్చునని తలంపకూడదు.

దానియేలును అతని ముగ్గురు స్నేహితులును బబులోనులో క్రొత్త విద్యార్థులే. మూడు సంవత్సరముల చదువు, పరాయి భాష, పేర్లు సహా మార్చబడెను. వారు ఆ భాషను నేర్చుకొనిరి, ఆ విద్యలో అందరిని మించిరి. రాజు భోజన విషయములో మాత్రము దానియేలు లోబడలేదు. అయినను అతడు కేకలు వేయలేదు, పళ్లెము త్రోసివేయలేదు. మొదట మనవి చేసెను. రాజు తన తల తీయించునేమోయని అధికారి భయపడుట చూచి, ఆ భయమును తేలికగా ఎంచక, పది దినములు పరీక్షించి చూడుడని తమపైనున్న పెద్దను వేడుకొనెను. ఎదుటివాని కష్టము నెరుగుట ప్రజ్ఞ. తన నిర్ణయమును విడువకుండుట విలువ. రెండును ఒక్క మనుష్యునిలో నుండెను.

ఒకటి లేక రెండవది ఏమగును? న్యూకోంబ్ అను పండితుడు 1935 మొదలు 1939 వరకు అమెరికాలోని బెన్నింగ్టన్ కళాశాల విద్యార్థినులను పరిశీలించెను. ఇంటినుండి తెచ్చుకొనిన రాజకీయాభిప్రాయములు అనేకులలో కళాశాలవారి అభిప్రాయములవైపు మరలెను. సుమారు 25 సంవత్సరముల తరువాత విచారింపగా, ఆ మార్పు చాలామందిలో నిలిచియేయుండెను. ప్రతి మార్పును చెడ్డది కాదు. అయితే చుట్టునున్నవారు మనలను ఎంత లోతుగా మలచుదురో చూడుడి.

హాస్టలులో ర్యాగింగు సంగతి తీసికొందము. మన రాష్ట్రములో దానిని నిషేధించుచు 1997లోనే చట్టము వచ్చినది. మొదటి ఏట దానికి ఏడ్చిన పిల్లవాడే మరుసటి ఏట నలుగురితో కలిసి క్రొత్తవానిని ఏడిపించినయెడల, వాడు నలుగురిలో కలియుట నేర్చెను గాని మనిషితనము పోగొట్టుకొనెను. అట్లే బియ్యపు మూట మోసికొని వచ్చిన తండ్రిని చూచి, ఆయనెవరో మా ఊరివాడని స్నేహితులతో చెప్పు బిడ్డ యొక్క చదువు ఎవరికి మేలు?

భాష, వేషము, వంటకము, వేరు మతస్థునితో ఒకే గదిలో కాపురము: వీటిలో సర్దుకొనుట తప్పు కాదు. సత్యము, పరీక్షలో నిజాయితి, బలహీనునియెడల దయ, కన్నవారియెడల గౌరవము: వీటిలో సర్దుబాటు లేదు. ఈ రెంటి భేదము ప్రయాణమునాడు చెప్పినంతమాత్రమున రాదు. మన యింట పాలేరుతో మనము మాటలాడు తీరులోనే బిడ్డ దానిని నేర్చుకొనును.

ఆలోచించుటకు:
1. దానియేలు దేనిని అంగీకరించెను? దేనిని నిరాకరించెను?
2. మన బిడ్డ సెలవులకు వచ్చినప్పుడు మార్కులు గాక మరి ఏమి అడుగుచున్నాము?