కప్ప చక్కెర, పిల్లల షుగర్

నారాయణఖేడ్



బిడ్డా, సెమినార్‌కు మంచి విషయమే పట్టినవ్. మంచుయుగపు చలి నుంచి మనిషిని కాచిన చక్కెరే టైప్-1 మధుమేహంగా మిగిలిందన్న ఊహను 2005లో షారన్ మోలెం బృందం ప్రచురించింది. అచ్చైన పత్రిక పేరు ‘మెడికల్ హైపోథిసీస్’. రుజువుల కన్నా ఊహలకు చోటిచ్చే పత్రిక అది. సెమినార్‌లో ఆ మాట దాచకు.

ఊహకు మూలం ఉత్తర అమెరికా అడవి కప్ప. చర్మానికి మంచు తగలగానే దాని కాలేయం గ్లైకోజెన్‌ను గ్లూకోజ్‌గా మార్చి రక్తంలోకి వదులుతుంది. ఒంట్లో నీరు మూడింట రెండొంతులు గడ్డకడుతుంది, గుండె ఆగిపోతుంది. మంచు కరిగాక కప్ప మళ్లీ గెంతుతుంది! కారు కూలెంట్‌లో గ్లైకాల్ ఎట్లాగో, కప్ప ఒంట్లో గ్లూకోజ్ అట్లా అన్నమాట. టైప్-1 అందరికన్నా ఎక్కువగా కనిపించేది కూడా చలిదేశం ఫిన్లాండ్‌లోనే.

కథ రక్తి కట్టింది. కానీ ఫిన్లాండ్ తర్వాత లెక్కకొచ్చేది వెచ్చని మధ్యధరా దీవి సార్డీనియా. పైగా ఫిన్లాండ్‌లోనే 1950ల నుంచి ఈ శతాబ్దం మొదటికి పిల్లల్లో ఈ జబ్బు దాదాపు ఐదింతలైంది. యాభై ఏళ్లలో జన్యువులు అంతగా మారవు కదా.

ఇప్పుడు నీ ఇంటర్ కెమిస్ట్రీ తియ్యి. ఘనీభవన స్థాన నిమ్నత, నీటికి స్థిరాంకం 1.86. షుగర్ 360 ఉంటే లీటరు రక్తంలో 3.6 గ్రాముల గ్లూకోజ్, అంటే 0.02 మోల్. గుణిస్తే గడ్డకట్టే ఉష్ణోగ్రత తగ్గేది 0.037 డిగ్రీ! పుష్యమాసంలో మన కోహిర్ చలికైనా అది అక్కరకు రాదు. అసలు కప్పకైనా చక్కెర మంచును పూర్తిగా ఆపదు. కణం బయట మంచు పేరుకుంటుంటే లోపలి నీరంతా పోకుండా పట్టి ఉంచుతుంది, అంతే. మనిషి సంగతి వేరు. 1922లో ఇన్సులిన్ చేతికి రాకముందు ఈ జబ్బు పట్టిన పిల్లలు ఏడాది రెండేళ్లు బతికితే గొప్ప. అట్లాంటి లక్షణం తర్వాతి తరానికి మేలుగా అందడం నాకు నమ్మబుద్ధి కాదు.

మీ క్లాసులో ఇన్సులిన్ తీసుకునే అమ్మాయి ఉందన్నావు. ఒంటి రక్షణ వ్యవస్థే క్లోమంలోని బీటా కణాలను చంపడం వల్ల వచ్చే జబ్బు ఇది, మిఠాయిలు తిన్నందుకు కాదు. ఈ మాట ముందుగా చెప్పి, ఆ తర్వాతే కప్ప బొమ్మ చూపించు.

మీ తాత