పాత కారు గేరుపెట్టె - రోగ నిదానం

'నిదానం' అనే మాటకు తెలుగులో రెండర్థాలున్నాయి. నిత్యవ్యవహారంలో అది తొందరపాటు లేకపోవడం. వైద్యశాస్త్రంలో అది రోగానికి మూలకారణాన్ని కనుగొనడం; మాధవకరుని 'మాధవ నిదానం' ఈ రెండవ అర్థంలోనే ఆ పేరు పొందింది. ఇదే పనిని ఉర్దూలో 'తష్ఖీస్' అంటారు. 'షఖ్స్' అనగా వ్యక్తి. పలువురిలో నుండి దోషియైన ఒక్కనిని గుర్తుపట్టడం వంటి భావం ఆ పదంలో ఉన్నది. సాహిత్యం బోధించుకొనే నాకు ఈ రెండు మాటల విలువ తరగతి గదిలో గాక ఒక మోటారు షెడ్డులో బోధపడింది. సైన్సు విద్యార్థులు నా సాహసాన్ని మన్నింతురు గాక.

మా పెద్దన్నయ్య దమ్మాంలో పద్దెనిమిదేళ్లు డ్రైవరుగా పనిచేసి 2018లో కర్నూలుకు తిరిగివచ్చారు. ఎడమ మోకాలు అరిగిపోయినందున ఆయన క్లచ్చి తొక్కలేరు. కావున ఆటోమేటిక్ గేర్లు గల ఒక పాత జపాను కారును కొన్నారు. నిరుడు వేసవినాటికి అది 2,10,000 కిలోమీటర్లు తిరిగింది. అప్పటినుండి రెండు వికారాలు కనిపించాయి. ఉదయం గేరు కడ్డీని 'డి' స్థానంలో పెడితే మూడు నాలుగు క్షణాల వరకు బండి కదలదు. ఆ తరువాత ఒక్క కుదుపుతో కదులుతుంది. రోడ్డుమీద 70 కిలోమీటర్ల వేగం అందుకోగానే ఇంజను ఒక్కసారిగా రేసయి అరుస్తుంది గాని వేగం పెరగదు.

మొదట చూపించిన షెడ్డువారు బానెట్టు కూడా ఎత్తకుండానే "బాక్సు పోయింది, మార్చాల్సిందే" అన్నారు. వారు చెప్పిన ఖర్చు ఇంచుమించు కారు ధరంత ఉన్నది. మామూలు మనిషికి ఇది డబ్బు సమస్య. మా అన్నయ్యకు మాత్రం ఈ కారు పోతే డ్రైవింగే పోయినట్లు. రెండు రోజులు ఆయన ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు.

పరీక్షల సంగతి చెప్పడానికి ముందు ఆ యంత్రం స్వరూపం కొంత తెలియాలి. మామూలు కారులో ఇంజనును, గేర్లను కలిపేది క్లచ్చి పలక. ఆటోమేటిక్‌లో ఆ చోట టార్క్ కన్వర్టరు ఉంటుంది. ఎదురెదురుగా ఉంచిన రెండు పంకాలలో ఒకటి తిరిగితే, ఆ గాలికి రెండవదీ తిరగడం పిల్లలు కూడా చూచియుందురు. ఇక్కడ గాలికి బదులు నూనె. జర్మన్ ఇంజనీరు హెర్మన్ ఫోటింగర్ 1905లో ఈ సూత్రానికి పేటెంటు పొందాడు. దీని వెనుక గ్రహమండలం వలె అమర్చిన పళ్లచక్రాలు, వాటిని పట్టి విడిచే క్లచ్చి బిళ్లలు ఉంటాయి. ఆ బిళ్లలను నొక్కిపట్టేది కూడా నూనె ఒత్తిడియే. ఏ గేరుకు ఏ దారి తెరవాలో సొలినాయిడు అనే విద్యుత్ కవాటాలకు కంప్యూటరు చెబుతుంది. శక్తిని మోసేది, బిళ్లలను నొక్కేది, భాగాలను తడిపేది, వేడిని తీసుకుపోయేది, అన్నీ ఆ నూనెయే. కాబట్టి విచారణలో మొదటి సాక్షి నూనె.

మేము తరువాత ఆశ్రయించిన ఉస్తాదు గల్ఫు గ్యారేజీలలో చాలాకాలం పనిచేసినవాడు. ఆయన మొదట చేసిన పని కారును చదునైన చోట నిలిపి, ఇంజను బాగా వేడెక్కనిచ్చి, బ్రేకు తొక్కిపట్టి, గేరు కడ్డీని అన్ని స్థానాలకూ ఒకసారి తిప్పి, తిరిగి 'పి'లో ఉంచి, ఇంజను నడుస్తుండగానే నూనె పుల్ల తీయడం. (కొన్ని తయారీలలో ఇంజను ఆపి చూడమంటారు, కొత్త కార్లు కొన్నింటికి అసలు పుల్లయే ఉండదు. ఈ విషయంలో తయారీదారు పుస్తకమే ప్రమాణం.) నూనె మట్టం కింది గుర్తుకు కూడా అందలేదు. తెల్లగుడ్డ మీద తుడిచి చూపించాడు. కొత్త నూనె దానిమ్మ రసంలా ఎర్రగా ఉంటుంది. మా నూనె గోధుమ రంగుకు తిరిగి మాడు వాసన వేసింది. అది గులాబీరంగు మజ్జిగలా ఉంటే రేడియేటరు లోపలి గొట్టం చిల్లిపడి నీరు కలిసినట్లు గ్రహించాలట.

మట్టం తగ్గింది సరే, ఆ నూనె ఎక్కడికి పోయినట్లు? ఇంజను నూనె కొంత మండిపోవచ్చు గాని గేరు నూనె మండదు. తగ్గిందంటే కారిందన్నమాటే. ఉస్తాదు బండి కిందికి దూరి అరగంట వెదికి, నూనెను చల్లబరచడానికి రేడియేటరుకు తీసుకుపోయే రబ్బరు గొట్టం దగ్గర తడిని పట్టుకున్నాడు. దాని క్లిప్పు వదులైంది. చుక్కలు నేలమీద పడక అడుగు రేకు మీద ఎండిపోతున్నందున ఇంటిలో ఎవరికీ తెలియలేదు.

నూనె పోసి మట్టం సరిచేసిన మరునాటి ఉదయమే మొదటి వికారం మాయమైంది. రెండవది మిగిలింది. ఇక్కడే నాకు ఉస్తాదు తర్కం నచ్చింది. కంప్యూటరుకు యంత్రం తగిలించగా రెండు సంకేతాలు వచ్చాయి. మొదటిది పి 0700. అది 'గేరు వ్యవస్థలో ఏదో ఉన్నది' అనే ఫిర్యాదు మాత్రమే. దాన్ని చూచి బాక్సు మార్చడం జ్వరమున్నదని చెప్పగానే శస్త్రచికిత్స చేయడం వంటిది. రెండవది పి 0734. నాలుగవ గేరులో ఇంజను వేగానికీ చక్రాల వేగానికీ పొత్తు కుదరలేదని దాని అర్థం. ఎక్కడ అన్నది చెప్పింది గాని ఎందుకు అన్నది చెప్పలేదు. నూనె తగ్గినా, ఒత్తిడి చాలకున్నా, సొలినాయిడు మొరాయించినా, బిళ్ల అరిగినా ఈ సంకేతమే రావచ్చును.

బ్రేకు గట్టిగా తొక్కిపట్టి, గేరులో ఉంచి, అయిదు క్షణాలకు మించకుండా పూర్తి రేసు ఇచ్చి ఇంజను వేగాన్ని చూచే పరీక్ష ఒకటి ఉన్నది. ముందు గేరులోను, రివర్సులోను వేగం హద్దు మీరితే నూనె ఒత్తిడి తక్కువని, ఒకదానిలోనే మీరితే ఆ క్లచ్చి జారుతున్నదని, రెండింటిలోను బాగా తగ్గితే ఇంజను బలహీనమో కన్వర్టరులో లోపమో అని అనుమానించాలి. మా కారు ఇందులో నెగ్గింది. నేను సంతోషించాను. ఉస్తాదు నవ్వి, "సార్, బండి నిలబడి ఉంటే బాక్సు ఒకటో గేరులోనే ఉంటుంది. నాలుగో గేరు బిళ్లకు మనం పరీక్షే పెట్టలేదు గదా" అన్నాడు. ప్రశ్నపత్రంలో లేని పాఠం విద్యార్థికి వచ్చునో రాదో మార్కులు చెప్పలేవు. ఇరవై ఏళ్లు పరీక్షలు వ్రాసి, పదేళ్లు దిద్దిన నాకు ఈ చిన్న విషయం తట్టలేదు.

తరువాత మీటరుతో కొలిస్తే నూనె ఒత్తిడి సరిగా ఉన్నది. సొలినాయిడుల విద్యుత్ నిరోధం పుస్తకంలోని అంకెలతో సరిపోయింది. చివరకు అడుగు తొట్టి విప్పారు. అందులోని అయస్కాంతానికి బూడిదరంగు మెత్తని పేస్టు అంటుకొని ఉన్నది; ఇన్ని కిలోమీటర్లు తిరిగిన బండికి అది సహజం. ఇత్తడి పొరలు గాని ఉక్కు ముక్కలు గాని లేవు, అనగా బుష్షులు, పళ్లచక్రాలు క్షేమం. నల్లని నారవంటి రజను మాత్రం కొంత కనిపించింది. అది అరిగిన క్లచ్చి బిళ్ల పూత. కథ అప్పుడు అతికింది. క్లిప్పు వదులైంది, నూనె కారింది, చాలినంత నూనె అందక నాలుగవ గేరు బిళ్ల జారింది, జారిన కొద్దీ వేడెక్కి మాడింది. ఆ మొదటి షెడ్డువారి మాట విని బాక్సు మార్చి, పాత గొట్టానికి పాత క్లిప్పే బిగించియుంటే కొత్త బాక్సుకూ అదే గతి పట్టేది.

పాత బండికి కొత్త నూనె పోస్తే బాక్సు చెడుతుందనే నమ్మకం డ్రైవర్లలో బలంగా ఉన్నది. అందులో సగం నిజం. అరిగిన పూతను ఏ నూనె కూడా తిరిగి మొలిపించలేదు. జారుతున్న దశలో నూనె మార్చినవారు ఆ తరువాత చెడిన దానికి కొత్త నూనెను నిందిస్తారు. యంత్రంతో ఒత్తిడి పెట్టి కడగకుండా, కారినంత కార్చి అంతే పోయడం మేలని ఉస్తాదు మతం. ఒక్కసారి కార్చితే నూనె అంతా రాదు, చాలాభాగం కన్వర్టరులోనే నిలుస్తుంది. అందుచేత కొన్ని వారాల ఎడంతో మూడుసార్లు మార్చాడు.

ఇంకొక్క విషయం. ఈ గొడవ నడుమ ఒకనాడు కారు బీచుపల్లి దగ్గర కదలక నిలిచిపోతే లారీవారు తాడు కట్టి లాగుతామన్నారు. అన్నయ్య ససేమిరా ఒప్పుకోలేదు. గేరుపెట్టెలోని నూనె పంపును తిప్పేది ఇంజను. ఇంజను ఆగియుండగా, అది తిప్పవలసిన చక్రాలు నేలమీద దొర్లితే లోపలి భాగాలు నూనె అందక తిరిగి పాడవుతాయి. నలుగురూ తోసి స్టార్టు చేయడం కూడా ఇటువంటి కారులో కుదరదు. చివరకు మరొక లారీ మీదికి ఎక్కించి తెచ్చుకున్నారు.

బాక్సు విప్పి ఆ ఒక్క బిళ్లల జత మార్చవచ్చును. కూలి మాత్రం మొత్తం పనికయినంత అవుతుంది. అన్నయ్య లెక్క చూచుకొని వద్దన్నారు. గేరు కడ్డీకి ఉన్న ఓవర్‌డ్రైవు మీట నొక్కి ఉంచితే కారు నాలుగవ గేరుకు పోదు. మొదటి మూడూ నిక్షేపంగా ఉన్నాయి. హైదరాబాదు రోడ్డులో ఇంజను కొంచెం గట్టిగా మోగుతుంది, పెట్రోలు కొంత ఎక్కువ తాగుతుంది. ప్రతి శుక్రవారం ఉదయం ఆయన పుల్ల తీసి తెల్లగుడ్డ మీద తుడిచి, నేను ఇంట్లో ఉంటే పిలిచి మరీ ఆ రంగు చూపిస్తారు.