ఎమర్జెన్సీ డోర్‌కు అడ్డంగా బెర్తు

సమస్య: అమీర్‌పేట, ఎస్సార్‌నగర్, పంజాగుట్టల్లో ప్యాసింజర్లను ఎక్కించుకుని రాత్రి బెంగళూరు వెళ్లే ప్రైవేటు స్లీపర్ బస్సుకు డ్రైవర్‌ని. ఎమర్జెన్సీ డోర్‌కు అడ్డంగా ఓనర్ అదనపు బెర్తు వేయించారు. రెండో డ్రైవర్ కాగితాల్లోనే ఉంటాడు. అడిగితే ‘నచ్చకపోతే మానెయ్’ అంటున్నారు. ఫిర్యాదు చేస్తే ఈ ఫీల్డ్‌లో ఇంకెవరూ పనివ్వరు. ఇంటిల్లిపాదీ నా జీతం మీదే బతుకుతున్నారు. ఏం చేయమంటారు సార్?
- ఒక డ్రైవర్, బల్కంపేట

సలహా: ఫిర్యాదు వెళ్లాల్సిందే, అయితే అది మీ పేరు మీద వెళ్లనక్కర్లేదు. మీ భయం ఉత్త భయం కాదు. జాతీయ రహదారి పనుల్లో అక్రమాల గురించి ప్రధాని కార్యాలయానికి రాసిన ఇంజనీర్ సత్యేంద్ర దూబే తన పేరు గోప్యంగా ఉంచమని వేడుకున్నారు. ఆ పేరు ఫైళ్లలో చేతులు మారింది. 2003 నవంబర్‌లో ఆయన్ను గయలో కాల్చి చంపారు. ఆ తర్వాత అక్రమాలు బయటపెట్టేవారి రక్షణకు 2014లో చట్టం చేశారు గానీ, దాన్ని అమల్లోకి తేలేదు. తెచ్చినా అది ప్రభుత్వ సేవకుల అక్రమాల వరకే. మీ ట్రావెల్స్‌కు వర్తించదు. అలాంటప్పుడు ధైర్యంగా సంతకం పెట్టమని మీకు చెప్పడం అన్యాయం.

అదృష్టవశాత్తూ ఆ డోర్‌కు సాక్షి అక్కర్లేదు. మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్ బస్సెక్కి చూస్తే చాలు. లోపం ఉన్న బండి ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌ను రద్దు చేసే అధికారం 1988 మోటారు వాహనాల చట్టం 56వ సెక్షన్‌లోనే ఉంది. పైగా ఇది ఆ బస్సులో ప్రయాణించిన ఎవరి కంటైనా పడేదే. కాబట్టి మీకు నమ్మకస్తుడైన ప్రయాణికుడి చేత, బస్సు నంబరు, బయల్దేరే వేళ, ఎక్కించుకునే చోటు, ఫొటోతో సహా ఖైరతాబాద్ రవాణా శాఖ కార్యాలయానికి ఫిర్యాదు స్పీడ్ పోస్టులో పంపించండి. మీకు మాత్రమే తెలిసిన ముక్క ఒక్కటి కూడా అందులో ఉండకూడదు. రెండో డ్రైవర్ సంగతి అలాంటిదే. అది రాస్తే వేలు నేరుగా మీవైపు చూపిస్తుంది. డ్యూటీ మెసేజీలు, ట్రిప్ షీట్ల ఫొటోలు మాత్రం దాచిపెట్టుకోండి, రేపు మిమ్మల్ని దోషిగా నిలబెడితే అవే ఆసరా.

ఆఫీసర్లకు మామూళ్లు ముడతాయి, ఫిర్యాదు బుట్టదాఖలవుతుంది అంటారేమో. అది జరగొచ్చు. అందుకే నెల తర్వాత ఆ ప్రయాణికుడే సమాచార హక్కు కింద తీసుకున్న చర్య ఏమిటని అడగాలి. లిఖితపూర్వకంగా జవాబివ్వాల్సి వస్తే కదలని ఫైలు కదులుతుంది. తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్నావని ఎవరైనా అంటే, ఆ ఇంట్లో రోజూ పడుకునేది ప్రయాణికులని గుర్తుంచుకోండి. ఇక నోరు మూసుకుంటే క్షేమమన్న మాట అన్నిటికన్నా పెద్ద పొరపాటు. 2013 అక్టోబర్ 30న పాలెం దగ్గర వోల్వో బస్సు కాలి 45 మంది పోయారు. 2025 అక్టోబర్ 24న కర్నూలు జిల్లా చిన్నటేకూరు దగ్గర, మీరు నడిపే దారిలోనే, స్లీపర్ బస్సు తగలబడి 19 మంది ప్రయాణికులు చనిపోయారు. సీటర్‌గా ఉన్న ఆ బస్సును స్లీపర్‌గా మార్చారని తర్వాత బయటికొచ్చింది. కేసు ఓనర్ మీదే కాదు, డ్రైవర్ మీదా పడింది.

ఫిర్యాదు తేలేదాకా, రోజూ బండి తీసే ముందు అద్దాలు పగలగొట్టే సుత్తి ఎక్కడుందో ప్రయాణికులకు చూపించండి. దానికి ఓనర్ అనుమతి అక్కర్లేదు.