ఫోన్ పంపే జవాబు: రాసే పద్ధతి



పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు దక్కింది. గద్వాల, నారాయణపేట చీరలకూ ఆ గుర్తింపు ఉంది. ఈ చీరలను, ఇళ్లలో కుట్టిన దుస్తులను ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల యువత నేడు ఫోన్ ద్వారానే అమ్ముతున్నారు. 2018లో మన దేశానికి వచ్చిన వాట్సాప్ బిజినెస్‌లో ముందుగా రాసిపెట్టుకున్న జవాబు దానంతట అదే వెళుతుంది. ఎదుటివారు మాత్రం దాన్ని దుకాణదారు ఇచ్చిన మాటగానే తీసుకుంటారు. అందుకే ఆ జవాబు ఎలా ఉండాలో ఇక్కడ వివరిస్తున్నాం.

మొదట, ఉండకూడని జవాబు: "మీ అభ్యర్థన విజయవంతంగా స్వీకరించబడినది. త్వరలో సంప్రదించగలము." ఏ అభ్యర్థన? త్వరలో అంటే ఎప్పుడు? డబ్బు కట్టినవారికి ఈ రెండూ తెలియకపోతే అనుమానం మొదలవుతుంది.

ప్రతి మెసేజ్ మూడు ప్రశ్నలకు జవాబివ్వాలి: ఏం జరిగింది? తర్వాత ఏది, ఎప్పుడు జరుగుతుంది? ఇప్పుడు నేనేం చేయాలి?

"సలీమా గారూ, మీ ఆర్డర్ అందింది. వస్తువు: గద్వాల చీర. సంఖ్య: 2. సోమవారం కొరియర్‌కు ఇస్తాం. చిరునామా మార్చాలంటే ఆదివారం సాయంత్రం 5 గంటల లోపు ఇదే నంబరుకు రాయండి. లేదంటే మీరు చేయాల్సిందేమీ లేదు."

ఇందులో మన భాషకు సంబంధించిన పాఠం ఒకటి ఉంది. కంప్యూటర్ ఖాళీలో పేరు నింపుతుంది గాని విభక్తి చూడదు. తరగతిలో మేము "రాముడికి", "సీతకు" అని నేర్పుతాం. ఆ తేడా యంత్రానికి తెలియదు. "గారూ", "గారికి" అని రాస్తే ఏ పేరుకైనా, ఆడవారికైనా మగవారికైనా సరిపోతుంది. అలాగే "2 చీర పంపాం" అని తప్పు పడకుండా "వస్తువు", "సంఖ్య" అని విడివిడిగా చూపాలి.

దుకాణం మూసిన వేళ వెళ్లే జవాబులో తెరిచే సమయం ఉండాలి. రంజాన్ నెలలో "ఇఫ్తార్, నమాజు కారణంగా సాయంత్రం 6 నుంచి 9 వరకు జవాబివ్వలేం. 9 తర్వాత తప్పక రాస్తాం" అంటే ఎవరూ నొచ్చుకోరు. అయితే 9 తర్వాత రాయాల్సింది మనిషే. నిలబెట్టుకోలేని గడువును ఆ జవాబులో పెట్టకూడదు.

చేనేత గుణాన్ని కూడా ముందే చెప్పాలి. ఇక్కత్‌లో నూలుకు ముందే రంగు అద్ది నేస్తారు కాబట్టి డిజైన్ అంచులు కాస్త అలికినట్టు కనిపిస్తాయి. ఈ ఒక్క వాక్యం ఆర్డర్ మెసేజ్‌లో ఉంటే మంచి చీర లోపమున్నదన్న పేరుతో వెనక్కి రాదు.

ఫిర్యాదు సంగతికి వస్తే, 2020 నాటి వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాల ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. అందిందన్న మాట ఫోన్ చెప్పగలదు; పరిష్కారం మనిషి చేయాలి. కాబట్టి మాట్లాడే మనిషి నంబరు అందులో తప్పక ఉండాలి.

మోసగాళ్లూ ఇలాంటి మెసేజ్‌లే పంపుతున్నారు. అందుచేత "డబ్బు వాపసు పొందడానికి పిన్, ఓటీపీ అక్కర్లేదు. మేము ఎన్నడూ అడగం" అన్న మాట డబ్బు వాపసు మెసేజ్‌లో చేర్చాలి. మోసపోయినవారు వెంటనే 1930కి ఫోన్ చేయాలని కూడా అమ్మకందారులు చెప్పగలగాలి.

చివరగా ఒక పరీక్ష. రాసిన మెసేజ్‌ను ఇంట్లో పెద్దవారికి చదివి వినిపించండి. వారు "అంటే ఎప్పుడు?" అని అడిగితే ఆ వాక్యం మళ్లీ రాయాలి.

దాతలలో చాలామంది వ్యాపారం తెలిసినవారు. కొత్తగా అమ్మకం మొదలుపెట్టిన మన పిల్లల పక్కన ఒక గంట కూర్చుని వారి మెసేజ్‌లు చదివి సరిచేయండి. ఆ గంట కూడా మీరిచ్చే విరాళమే.