హైదరాబాదు నుండి జెద్దాకు ఎంత దూరము? ఎంత కాలము?

గత చలికాలములో మా వీధిలోని ఒక యువకుడు ఉద్యోగము నిమిత్తము హైదరాబాదు నుండి జెద్దాకు విమానములో వెళ్ళినాడు. టిక్కెట్టుపై బయలుదేరు వేళ ఉదయము 10-00, చేరు వేళ మధ్యాహ్నము 1-15 అని ఉన్నది. మూడుంబావు గంటల ప్రయాణమే గదా యని అతని తల్లి ఒంటిగంట నుండి ఫోను ప్రక్కనే కూర్చున్నది. మూడు దాటినను కబురు లేదు. "బేటా, విమానానికి ఏమైందో కాస్త కనుక్కో" అని మాకు చెప్పి పంపినది. అప్పటికి విమానము అరేబియా ఎడారిపై ఇంకను ఎగురుచునే ఉన్నది.

మేము తెలుగు చెప్పువారమే గాని భూగోళ శాస్త్రజ్ఞులము కాము. అయినను మన విద్యార్థులలో పలువురి ఇండ్లకు గల్ఫు దేశాలతో సంబంధమున్నది కనుక ఈ లెక్కను ఇచ్చట వివరింపదలచితిమి.

గోళముపై శంషాబాదు నుండి జెద్దాకు ఒక దారమును బిగించి పట్టినచో వచ్చు దూరము సుమారు 4,140 కిలోమీటర్లు. విమానము నిర్ణీత మార్గములలో పోవలెను కనుక 4,200 అనుకొందము. గంటకు 850 కిలోమీటర్ల వేగముతో పోవు విమానమునకు ఎదురుగాలి గంటకు 50 కిలోమీటర్లున్నచో 800 మాత్రమే మిగులును. అనగా ఐదుంబావు గంటలు. నేలపై నడచుటకు, ఎక్కి దిగుటకు మరొక అరగంట. మొత్తము 5 గంటల 45 నిమిషములు.

మరి టిక్కెట్టులో మిగిలిన రెండున్నర గంటలు ఏమైనవి? భారతదేశపు గడియారము 82½ డిగ్రీల తూర్పు రేఖాంశమును, సౌదీ గడియారము 45 డిగ్రీల రేఖాంశమును అనుసరించును. భేదము 37½ డిగ్రీలు. డిగ్రీకి 4 నిమిషముల చొప్పున 150 నిమిషములు. టిక్కెట్టుపై బయలుదేరు వేళ మన గడియారముది, చేరు వేళ వారి గడియారముది. జెద్దాలో 1-15 అయినపుడు మనకు 3-45.

భూమి తూర్పునకు తిరుగుచుండగా పడమటికి పోవు విమానము త్వరగా చేరవలదా అని తరగతిలో ఒకరు అడిగిరి. మంచి ప్రశ్నయే. కాని భూమితోపాటు గాలియు తిరుగును. విమానము ఆ గాలిలోనిదే. తేడా తెచ్చునది పై గాలుల వీపు మాత్రమే. చలికాలమున అవి ఉత్తర భారతము మీదుగా పడమటి నుండి బలముగా వీచును. వర్షాకాలమున దక్షిణ భారతముపై మిక్కిలి ఎత్తున తూర్పు గాలులుండును. అప్పుడీ తేడా తగ్గును.

చలికాలమున తిరుగు ప్రయాణములో అదే గాలి వెనుక నుండి నెట్టును. వేగము 900, మొత్తము 5 గంటల 10 నిమిషములు. జెద్దాలో మధ్యాహ్నము 2-00కు బయలుదేరినచో ఇచ్చట రాత్రి 9-40కి దిగును. గడియారములను మాత్రమే చూచువారికి ఏడు గంటల నలుబది నిమిషములని తోచును!

ఆ యువకుడు సెలవుపై వచ్చు దినమున మేము లెక్క చెప్పబోగా ఆ తల్లియే రెండున్నర గంటలు కలిపి చెప్పినది. సామాను చేతికి వచ్చి, శంషాబాదు నుండి ఇల్లు చేరుసరికి అర్ధరాత్రి యగునని, అన్నము పదకొండు తరువాతనే పొయ్యిపై పెట్టినది.