మా పక్కింటి కొండ రాజ్యం – చాందా

పోయిన సంచికలో భూటాన్ గురించి చదివాం కదా. చిన్న కొండ దేశం, దాని రాజులు, దాని భాష. చదివినప్పుడే అనుకున్నాను, అంత దూరం పోకుండా మా ఊరి నుంచే ఒక కొండ రాజ్యాన్ని మీకు చూపించొచ్చు కదా అని. మాది చంద్రపూర్‌లోని తుకుం. బాపుకు బొగ్గు గనిలో ఉద్యోగం. ఇంట్లో తెలుగు, గడప దాటితే మరాఠీ. అయినా పక్కనే ఉన్న మూడో భాషను నేను చాలా ఏళ్లు పట్టించుకోలేదు.

ఎక్కడుండేది?

వార్ధా, వైన్‌గంగా నదులు కలిస్తే ప్రాణహిత. అది వచ్చి మన గోదావరిలో కలుస్తుంది. ఈ నదుల పరిసరాల్లో, మాణిక్‌గఢ్ కొండలూ అడవులూ ఉన్న నేలను గోండు రాజులు ఏలారు. అదే చాందా రాజ్యం. 'గోండు' బయటివాళ్లు పెట్టిన పేరు. మన 'కొండ' మాట నుంచే వచ్చిందని కొందరు పండితులంటారు. వాళ్లు తమను తాము 'కోయితూర్' అని చెప్పుకుంటారు.

మూడు రాజధానులు

సెలవులయ్యాక నేను హాస్టల్‌కు వచ్చే రైలు చంద్రపూర్ దాటి బల్లార్షా, ఆ తర్వాత సిర్పూర్ టౌన్ మీదుగా వస్తుంది. చాందా రాజధాని సరిగ్గా దీనికి ఎదురుదారిలో నడిచింది. మొదట సిర్పూర్, అంటే ఇప్పటి మన కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లా. తర్వాత బల్లార్షా, చివరికి చంద్రపూర్. ఇప్పుడు రెండు రాష్ట్రాలుగా ఉన్నది అప్పుడు ఒకే రాజ్యం.

చంద్రపూర్ కట్టిన రాజు ఖాండక్యా బల్లాల్ షా. ఒళ్లంతా పుండ్లతో బాధపడుతున్న రాజుకు ఝర్‌పట్ వాగు నీళ్లతో నయమైందట. తర్వాత ఒకరోజు వేటలో, నుదుట తెల్లమచ్చ ఉన్న కుందేలు వేటకుక్కనే తరమడం చూశాడట. రాణికి చెబితే, "ఆ కుందేలు పరుగెత్తిన దారి వెంటే కోట కట్టించండి" అందట. ఇది జనం చెప్పుకునే కథ. కోట గోడ మాత్రం నిజం, ఇప్పటికీ ఉంది. దానికి జట్‌పురా, పఠాన్‌పురా, అంచలేశ్వర్, బిన్బా అని నాలుగు దర్వాజాలు. ఏనుగును అణచిన సింహం వాళ్ల రాజచిహ్నం. తుకుం నుంచి బజారుకు పోయేటప్పుడు జట్‌పురా దర్వాజా కింద నుంచే పోతాం. ట్రాఫిక్‌ను తిట్టుకోవడమే గానీ, తలెత్తి ఆ సింహాన్ని ఎన్నడూ చూడలేదు.

భర్త బీర్ షా చనిపోయాక రాణి హీరాయి ఆయనకు సమాధి కట్టించింది. మహాకాళి గుడి కట్టించింది కూడా ఆమెనే. చైత్ర జాతరకు తెలంగాణ నుంచీ జనం వస్తారు. 1751లో నాగపూర్ భోంస్లేలు చాందాను కలిపేసుకోవడంతో ఆ రాజ్యం ముగిసింది.

భాష ముగియలేదు

గోండీ, తెలుగు రెండూ దక్షిణ-మధ్య ద్రావిడ ఉపకుటుంబానివే. అంటే తోబుట్టువులు. ఈ అంకెలు చూడండి (పలుకు ప్రాంతాన్ని బట్టి కొంచెం మారుతుంది):

రండ్ – రెండు
మూండ్ – మూడు
నాలుంగ్ – నాలుగు
సైయుంగ్ – ఐదు
సారుంగ్ – ఆరు

పాత పుస్తకాల్లో 'మూఁడు' అని అరసున్నతో రాస్తారు. ఆ సున్న పలుకులో మనకు పోయింది, గోండీలో నిలిచింది. ఐదు, ఆరులకు మూలద్రావిడంలో మొదట 'చ' ఉండేది. మనకు అది పూర్తిగా జారిపోయింది. వాళ్ల దగ్గర 'స'గా మిగిలింది.

క్లాసులో మేడమ్ బోర్డు మీద 'మూఁడు' రాసిన రోజు నాకు నా చిన్నప్పటి స్నేహితురాలు గుర్తొచ్చింది. ఆరో తరగతిలో ఒకసారి ఆమె వేళ్ల మీద "రండ్, మూండ్, నాలుంగ్" అని లెక్కపెట్టుకుంటుంటే అందరం నవ్వాం. నేనూ నవ్వాను. ఆ తర్వాత ఆమె మా ముందు గోండీ మాట్లాడలేదు. మేం నవ్వింది మా భాష పోగొట్టుకున్న అక్షరాన్ని చూసే అని అప్పుడు తెలియదు.

2011 జనాభా లెక్కల ప్రకారం గోండీ మాతృభాషగా ఉన్నవాళ్లు 29 లక్షలకు పైనే. అయినా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని 22 భాషల్లో అది లేదు. అది మన చేతిలో లేని పని. మన చేతిలో ఉన్నది ఈ గోడ. మన హాస్టల్‌లో ఫోన్‌లో అమ్మతో మెల్లగా గోండీ మాట్లాడేవాళ్లు ఉన్నారు. వచ్చే సంచికలో ఒక మూల వాళ్లకు వదులుదాం. తెలుగు లిపిలో, వాళ్ల మాటలు వాళ్లే రాస్తారు. మనం నిలబడి చదువుదాం.