పిస్టల్ మ్యాగజీను: శుభ్రత, సంరక్షణ

మ్యాగజీను అనగానే ఈ సంచిక చదివే మిత్రులకు కథలూ, గేయాలూ, వెనకపేజీల్లో గ్రూపు ఫోటోలూ గుర్తుకు రావడం సహజం. నేను రాయబోయేది ఆ మ్యాగజీను గురించి కాదు. పిస్టల్లో తూటాలు పెట్టే రేకుపెట్టె గురించి. ఈ మాటకు మూలం అరబ్బీ భాష. సరుకు భద్రపరిచే కొట్టు అని దాని అర్థం. మనం రోజూ వాడే ఖజానా అనే మాట కూడా ఆ ధాతువు నుంచి పుట్టిందే. కాబట్టి మ్యాగజీను అంటే తూటాల ఖజానా అన్నమాట.

ఇంత చిన్న వస్తువు మీద వ్యాసమెందుకని మీరు అడగవచ్చు. దానివల్ల నాకు ఒక పోటీలో మూడు సున్నాలు వచ్చాయి. అందుకని.

అంతర విశ్వవిద్యాలయ పోటీ. ఇరవై అయిదు మీటర్ల .22 పిస్టల్. ఈ పోటీలో మొత్తం 60 తూటాలు పేల్చాలి. మొదటి 30 నింపాదిగా, అయిదు తూటాలకు అయిదేసి నిమిషాల చొప్పున. తర్వాత 30 వేగంగా. టార్గెట్ మూడు సెకండ్లు కనబడుతుంది, ఏడు సెకండ్లు కనబడదు. కనబడిన ప్రతిసారీ చెయ్యి ఎత్తి ఒకే ఒక్క తూటా పేల్చాలి. రెండో భాగంలో నాలుగో వరస నడుస్తోంది. రెండు పేలాయి. మూడోది పేలలేదు. చూస్తే తూటా సగం లోపలా సగం బయటా, మూతికి అడ్డంగా ఇరుక్కుని ఉంది.

నేను కంగారుపడి బోల్టు వెనక్కి లాగేశాను. అదే నా తప్పు. నిబంధన ప్రకారం పిస్టల్ని టార్గెట్ వైపే ఉంచి, పట్టు వదలకుండా, ఖాళీ చెయ్యి పైకెత్తి రేంజి ఆఫీసరును పిలవాలి. ఆయన వచ్చి చూసి, ఇది ఆయుధం మొరాయింపే అని ఒప్పుకుంటే మళ్ళీ అవకాశం ఉంటుంది. మనమే తెరిచేస్తే ఆ హక్కు పోతుంది. పేలని తూటాలన్నీ సున్నాలే. ఆ తడబాటులో నాలుగూ అయిదూ కూడా పోయాయి. ముప్ఫై పాయింట్లు! మా జట్టులో మిగతా ఇద్దరూ నన్ను ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

తిరిగొచ్చాక మా రేంజిలో ఆయుధాలు చూసే హవల్దారు గారికి (సైన్యంలో రిటైరై వచ్చినాయన) ఆ మ్యాగజీను ఇచ్చాను. ఆయన దాన్ని విప్పి, వేలు లోపల పెట్టి బయటికి తీశారు. వేలికి నల్లటి కాటుక లాంటి ముద్ద.

"ఇందులో ఏం పోశావమ్మా?"

"కుట్టుమిషను నూనె అండీ. పోటీకదా అని ముందురోజు రాత్రి శుభ్రం చేశాను."

"నూనె తలకి రాసుకోవాలి గాని దీనికెందుకు తల్లీ? శుభ్రం అంటే పొడిగా ఉండటం."

ఆ తర్వాత ఆయన దగ్గర నేర్చుకున్నదే ఈ వ్యాసం.

ముందు నిర్మాణం చూద్దాం. మ్యాగజీనులో భాగాలు నాలుగే. బయటి గొట్టం, లోపల స్ప్రింగు, స్ప్రింగు మీద కూర్చుని తూటాలను పైకి తోసే ఫాలోయరు, అడుగున మూత పలక. గొట్టం పైభాగాన రెండు అంచులు లోపలికి వంగి ఉంటాయి. వాటిని లిప్స్ అంటారు. పేరుకు తగ్గట్టు పెదవుల లాగే ఉంటాయి. తూటా ఎగిరిపోకుండా పట్టుకునేవీ, సరైన కోణంలో గొట్టంలోకి వదిలేవీ అవే. చాలా పోటీ పిస్టళ్ళలో మ్యాగజీను సినిమాల్లో చూపించినట్టు పిడిలో కాకుండా ట్రిగ్గర్‌కి ముందు ఉంటుంది. పని మాత్రం ఒకటే.

తూటా పేలగానే బోల్టు వెనక్కి పోయి, ఖాళీ తొడుగును బయటికి విసిరేసి, మళ్ళీ ముందుకు వస్తుంది. ఇదంతా కనురెప్పపాటులో అయిపోతుంది. ఆ కాస్త వ్యవధిలోనే స్ప్రింగు రెండో తూటాను పైకి తెచ్చి నిలబెట్టాలి. గొట్టంలో మురికి ఉంటే ఫాలోయరు ఆలస్యం చేస్తుంది. తూటా పూర్తిగా పైకి రాకముందే బోల్టు వచ్చి దాని నడుముకు తగులుతుంది, లేదా పైనుంచి దాటిపోతుంది. నాకు జరిగింది మొదటిది.

.22కి మరో చిక్కుంది. దీని గుండు సీసం, పైన మైనం లాంటి పూత. తోసినప్పుడల్లా ఆ మైనం, సీసపు పొట్టు లిప్స్‌కి అంటుకుంటాయి. దాని మీద పేలిన మందు మసి. ఈ మూడింటికీ నేను పోసిన నూనె తోడైంది. అంతే, రాత్రికి రాత్రి ముద్ద తయారు! పైగా నూనె తూటాలోకి ఇంకితే మందు చెడి, అసలు పేలకపోవచ్చు కూడా.

ఇక శుభ్రం చేసే పద్ధతి. అన్నిటికంటే ముందు మ్యాగజీను బయటికి తీయాలి. తర్వాతనే బోల్టు తెరిచి, ఛాంబరులోకి కళ్ళతో చూడాలి. ఈ వరస తారుమారు కాకూడదు. మ్యాగజీను లోపల ఉండగానే బోల్టు లాగి వదిలితే ఉన్న తూటా బయటపడుతుంది, ఇంకొకటి లోపలికి పోతుంది. "ఖాళీ చేశాను" అని మనం అనుకుంటాం, పిస్టల్ నిండే ఉంటుంది. ఎన్.సి.సి. మిత్రులకు "ఖాలీ కర్" తెలుసు గదా, ఇదీ అదే. శుభ్రం చేసే బల్ల మీద ఒక్క తూటా కూడా ఉండరాదు. ఈ పనంతా రేంజిలోనే, కోత్ చూసేవారి ఎదుటనే చెయ్యాలి. హాస్టలు గదిలో చేసే పని కాదు సుమా.

ఒకసారికి ఒక్క మ్యాగజీనే విప్పండి. రెండు విప్పితే స్ప్రింగులు తారుమారవుతాయి. మూత పలక జరిపేటప్పుడు బొటనవేలు అడ్డం పెట్టుకోవాలి, లేకపోతే స్ప్రింగు ఎగిరి బీరువా కిందికి పోతుంది. దాన్ని వెతకడంలో నేనొక సాయంత్రం పోగొట్టుకున్నాను. స్ప్రింగు చివరి చుట్టు ఎటువైపు తిరిగి ఉందో, ఫాలోయరు ముందువైపు ఏదో చూసి గుర్తుపెట్టుకోండి. తిరగేసి పెడితే పైకి చూడ్డానికి బాగానే ఉంటుంది, రేంజిలో మాత్రం పనిచేయదు.

గొట్టం లోపల సన్నటి చెక్క పుల్లకు చిందీ చుట్టి తుడవాలి. మైనం ఊడకపోతే పాత టూత్ బ్రష్షు వాడవచ్చు. అప్పటికీ రాకపోతే చిందీకి శుభ్రం చేసే ద్రావకం కొద్దిగా తడి చేసి తుడిచి, వెంటనే పొడిబట్టతో ఆరబెట్టాలి. ఫాలోయరు ప్లాస్టిక్‌ది అయితే ద్రావకం దానికి సరిపడేదేనా అని ముందు అడగండి. ఇనుప తీగల బ్రష్షు లోపలికి పెట్టొద్దు. గీతలు పడితే మసి వాటిల్లోనే కూర్చుంటుంది.

తర్వాత లిప్స్. వెలుతురులో పెట్టి చూడండి. పగులుందా, ఒకవైపు వంగిందా, చిన్న గరుకు మొలిచిందా? కొత్త మ్యాగజీను పక్కన పెట్టి పోలిస్తే తేడా తెలుస్తుంది. వంగినదాన్ని పట్టుకారుతో సరిచేద్దామనే బుద్ధి మనలో చాలామందికి పుడుతుంది. దయచేసి వద్దు. వెంట్రుకవాసి తేడా వచ్చినా తూటా ఎక్కే కోణం మారిపోతుంది. అది ఆయుధాలు బాగుచేసేవారి పని. లిప్స్ చెడేది ఎక్కువగా సిమెంటు నేల మీద పడేసినప్పుడే.

స్ప్రింగు విషయంలో ఒక నమ్మకం ఉంది, నొక్కి ఉంచితే బలం పోతుందని. మంచి స్ప్రింగు దాని పరిమితిలో కదలకుండా నొక్కి ఉన్నందువల్ల పెద్దగా అరగదు. వేలసార్లు నొక్కీ వదిలీ చేయడం వల్లనే అలసిపోతుంది. తుప్పు దానికి ఇంకో శత్రువు. అయినా మ్యాగజీను ఖాళీగానే దాచాలి. అది స్ప్రింగు కోసం కాదు, మన ప్రాణాల కోసం. విశాఖ, కాకినాడల వంటి సముద్రపు గాలి ఊళ్ళలో స్ప్రింగుని నూనె తగిలిన గుడ్డతో ఒకసారి రాసి, ఆ వెంటనే పొడిగుడ్డతో తుడిచేయవచ్చు. చేతికి జిడ్డు తగలకూడదు, అదే కొలత.

తూటాలు నింపడంలో కూడా శ్రద్ధ కావాలి. .22 తూటా అడుగున చిన్న అంచు బయటికి వచ్చి ఉంటుంది. పై తూటా అంచు కింది తూటా అంచుకు ముందుండాలి. వెనక పడితే రెండూ పెనవేసుకుంటాయి. పాత .303 తూటాకీ ఇదే గుణం. బ్రెన్ గన్ మ్యాగజీను వంకరగా ఉండటానికి కారణం ఆ అంచులే. అందులో ముప్ఫై పట్టినా సైనికులు తరచు ఇరవై ఎనిమిదే నింపేవారు, స్ప్రింగుకి కాస్త ఊపిరి ఉండాలని. మన పోటీలో ఆ బాధ లేదు. అయిదుకు మించి నింపనివ్వరు.

మీ మ్యాగజీనులకు అంకెలు వేసుకోండి. ఒక చిన్న నోటుబుక్కులో ఏ అంకెది ఎప్పుడు ఇరుక్కుందో రాయండి. ఎప్పుడూ ఒకే అంకె వస్తే తప్పు మ్యాగజీనుది. అన్నిటిలోనూ ఇరుక్కుంటే పిస్టల్నో తూటాలనో అనుమానించాలి. ఈ చిన్న లెక్క లేకనే చాలామంది మంచి పిస్టల్ని నిందిస్తుంటారు. ప్రాక్టీసు అయిన ప్రతిరోజూ లిప్స్, ఫాలోయరు పైభాగం తుడిస్తే చాలు. పూర్తిగా విప్పడం అప్పుడప్పుడూ. పోటీకి ముందురోజు మాత్రం విప్పొద్దు. మూడు నాలుగు రోజుల ముందే చేసుకుని, ఆ తర్వాత కనీసం పది తూటాలైనా పేల్చి చూసుకోవాలి.

ఇది పెద్దవాళ్ళకు చెప్పే పాఠం కాదని అనుకోవద్దు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో విజయ్ కుమార్ వెండి పతకం గెలిచిన ర్యాపిడ్ ఫైర్ పోటీలో చివరి వరసలకు అయిదు టార్గెట్ల మీద అయిదు తూటాలు నాలుగు సెకండ్లలో పేలాలి. 2023 హాంగ్‌చౌ ఆసియా క్రీడల్లో మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ ఇరవై అయిదు మీటర్ల పిస్టల్లో జట్టుతో బంగారం, విడిగా వెండి తెచ్చింది. ఆ చేతుల నైపుణ్యం ఎంతటిదైనా, తూటాను పైకి తేవలసింది ఆ స్ప్రింగే కదా.

పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి. ఆ నల్లటి మసిలో సీసం ఉంటుంది. క్యాంటీన్ ఇడ్లీ అంతదాకా ఆగుతుంది.

నా మ్యాగజీను అంకె రెండు. హవల్దారు గారు తుడిచి, ఆరబెట్టి, డమ్మీ తూటాలతో ఇరవైసార్లు ఎక్కించి చూశారు. ఒక్కసారి కూడా ఇరుక్కోలేదు. తర్వాత దాన్ని వెలుతురుకి పెట్టి ఎడమ అంచు మూలలో సన్నటి పగులు చూపించారు. నూనె గొడవలో నేనది గమనించనే లేదు. ఎర్ర రంగుతో అడ్డగీత గీసి పక్కన పడేశారు. నోటుబుక్కు తెరిచి చూసుకుంటే ఆ రెండో అంకె ఎదురుగా, అంతకు ముందే, నా చేత్తోనే రెండుసార్లు రాసి ఉంది.